ట్రెక్కింగ్ భోజనానికి డీహైడ్రేటర్: బెంగళూరు ఫ్లాట్‌లో ఉండేవాళ్లు ఏది కొనాలి, ఎలా పరీక్షించాలి

డీహైడ్రేటర్ అంటే ఆహారాన్ని వేడిగాలితో ఎండబెట్టే యంత్రం: ఒక హీటరు, ఒక ఫ్యాను, కొన్ని ట్రేలు. అంతకు మించి అందులో ఏమీ లేదు. అయినా కొనడానికి కూర్చుంటే 250 వాట్ల నుంచి 1000 వాట్ల దాకా రకరకాలు కనిపిస్తాయి, ప్రతిదీ అన్నింటికీ పనికొస్తానంటుంది. వాటిలో చాలావరకు యాపిల్ ముక్కలు, అరటిపండు ముక్కలు ఎండబెట్టుకునేవాళ్ల కోసం చేసినవే. మనకు కావలసింది వేరు. ఉడికిన అన్నం, పప్పు, సాంబారు, కీమా ఎండాలి. కొండ మీద వేడినీళ్లు పోసి మూతపెడితే పావుగంట, ఇరవై నిమిషాల్లో మళ్లీ భోజనం అయిపోవాలి. ఈ లెక్కన చూస్తే సగం మోడళ్లు మొదట్లోనే పక్కకు పోతాయి.

ముందు, అసలు అవసరమా?

శనివారం రాత్రి బయల్దేరి ఆదివారం సాయంత్రానికి ఇంటికొచ్చే ట్రెక్కులకు అవసరం లేదు. బెంగళూరు చుట్టుపక్కల స్కందగిరికో, సావనదుర్గకో వెళ్తే చింతపండు పులిహోర పొట్లం కంటే మంచి భోజనం ఏదీ లేదు. పశ్చిమ కనుమల్లోని కుద్రేముఖ్ శిఖరానికి వెళ్లి అదే రోజు దిగిపోవాల్సిందే, లోపల రాత్రి మకాం ఒప్పుకోరు. హిమాలయాల్లో ట్రెక్కింగ్ కంపెనీతో వెళ్తే వంటవాళ్లు వెంట ఉంటారు. ఈ మూడు రకాలు తప్ప ఇంకెక్కడికీ వెళ్లనివాళ్లు ఆ డబ్బులు మంచి బూట్ల మీద పెట్టుకోవచ్చు.

గుడారం, స్టవ్ సొంతంగా మోసుకుని మూడు రోజులకు మించి నడిచేవాళ్లకే ఇది నిజంగా పనికొస్తుంది. ముగ్గురు, ఐదు రోజులు, రోజుకు రెండు భోజనాలు అనుకోండి. మొత్తం ముప్ఫై భోజనాలు. ఒక్కోటి వండినప్పుడు 400 గ్రాములు తూగుతుంది, అంటే 12 కిలోలు. ఎండబెడితే అదే మూడున్నర కిలోలకు వస్తుంది.

బియ్యం, కందిపప్పు పచ్చివే మోసుకెళ్తే సరిపోదా అంటారు. బరువు వరకూ సరిపోతుంది, ఉడకడంతోనే చిక్కు. ఎత్తుకు వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సుమారు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుంది. 4000 మీటర్ల దగ్గర 87 డిగ్రీలకే మరుగు వచ్చేస్తుంది. కుక్కరు లేకుండా అక్కడ కందిపప్పు ఉడికించాలంటే గ్యాస్ అయిపోతుంది గానీ పప్పు మెదగదు. ఇంట్లో కుక్కర్లో ఉడికి, ఆ తర్వాత ఎండిన పప్పుకు ఈ బాధ లేదు. అది నానితే చాలు.

డాబా మీద ఎండబెడితే పోలా?

డీహైడ్రేటర్ కొంటున్నానని ఊళ్లో అమ్మకు చెబితే వచ్చే మొదటి ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్న కూడా. మామిడి ఒరుగులు, గుమ్మడి వడియాలు, చల్లమిరపకాయలు, ఆత్రేయపురం తాండ్ర అన్నీ ఎండకే ఎండాయి. కానీ వాటిలో ఉప్పో, పులుపో, చక్కెరో దండిగా ఉంటుంది. పాడు కాకుండా కాపాడేది ఎండ ఒక్కటే కాదు, అవి కూడా. పైగా అవి ఎండేది కోస్తా, రాయలసీమల మే నెల ఎండలో. 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో మార్చి, ఏప్రిల్‌లో కూడా అంత ఎండ రాదు. ఉప్పు తక్కువగా ఉన్న ఉడికిన పప్పును 33 డిగ్రీల దగ్గర రోజంతా పరిచి ఉంచితే ఎండేలోపే పులుస్తుంది. బాల్కనీలో పావురాల సంగతి సరేసరి. టమోటా ఒరుగుల దాకా ఎండ పర్వాలేదు, ఉడికిన భోజనానికి మాత్రం పెట్టె కావాల్సిందే.

ఇంట్లో ఉన్న ఓటీజీతో (చిన్న కరెంటు ఓవెన్) సరిపెట్టుకుందామంటే, చాలావాటి నాబ్ 100 డిగ్రీల నుంచి మొదలవుతుంది. అది కాలుస్తుంది, ఎండబెట్టదు. డీహైడ్రేట్ బటన్ ఉన్న ఎయిర్‌ఫ్రయర్ పనిచేస్తుంది గానీ దాని బుట్టలో ఒక మనిషి భోజనం కూడా పట్టదు.

మొదటి మెట్టు: ట్రేల వైశాల్యం లెక్కేయండి

వాట్లు, లీటర్లు, ట్రేల సంఖ్య పక్కన పెట్టి, ఒక్క ట్రే పొడవు వెడల్పులు చూడండి. ఉడికిన వంటకాన్ని నాలుగు మిల్లీమీటర్లకు మించి మందంగా పరచకూడదు. 30 సెంటీమీటర్ల చదరపు ట్రే మీద ఆ మందంలో పప్పు 350 గ్రాములు పడుతుంది. అన్నం పొడిపొడిగా పరచాలి కాబట్టి 250 గ్రాములే. పప్పన్నం కలిపి ఒక భోజనానికి సుమారు ఒకటిన్నర ట్రే అనుకోండి. అంటే ఆరు ట్రేల పెట్టెలో ఒక వాయికి నాలుగు భోజనాలు, పది ట్రేలైతే ఆరేడు.

ఇప్పుడు గుండ్రటి మోడల్ చూడండి. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి ట్రే మధ్యలో గాలి కోసం కన్నం ఉంటుంది. అది తీసేస్తే మిగిలేది 650 చదరపు సెంటీమీటర్లే. చదరపు ట్రేకి 900. ఐదు గుండ్రటి ట్రేలు మూడున్నర చదరపు ట్రేలతో సమానమన్నమాట. డబ్బా మీద రెండింటికీ "5 ట్రేలు" అనే రాస్తారు.

ఒక్కరే, ఏడాదికి ఒకటో రెండో ట్రెక్కులు వెళ్లేవాళ్లకు గుండ్రటిది చాలు. ఇద్దరు ముగ్గురికి ఆరు చదరపు ట్రేలు. పదికి మించి ట్రేలున్నది నేనైతే ఇంటికి కొనమని చెప్పను. నిండా నింపడానికి మూడు కుక్కర్లు పెట్టాలి, పెట్టుకోవడానికి ఫ్రిజ్ అంత చోటు వెతకాలి.

రెండో మెట్టు: ఫ్యాను ఎక్కడుంది?

అడుగున ఫ్యాను, హీటరు ఉండి పైన ట్రేలు పేర్చేవి చవక. కానీ కింది ట్రే ముందు ఎండిపోతుంది, పైది పచ్చిగా ఉండిపోతుంది. గంటకోసారి ట్రేలు మార్చాలి. సాంబారు చుక్క కారితే నేరుగా మోటారు మీద పడుతుంది. ఫ్యాను పై మూతలో ఉన్నవాటికి ఈ కారుడు బెడద లేదు, ట్రేలు మార్చే పని మాత్రం తప్పదు.

వెనక గోడలో ఫ్యాను ఉండి, గాలి అడ్డంగా అన్ని ట్రేల మీదుగా పోయేది పెట్టె రకం. అన్నీ ఇంచుమించు ఒకేసారి ఎండుతాయి. రాత్రి పది గంటలకు పెట్టి పడుకోవచ్చు. ఒక ట్రేలో కీమా, ఇంకో ట్రేలో అరటిపండు పెట్టినా వాసనలు పెద్దగా కలవవు. ఉడికిన భోజనం ఎండబెట్టేవాళ్లకు ఇదే సరైనదని నా గట్టి అభిప్రాయం. ధర గుండ్రటిదానికి రెండింతలో మూడింతలో ఉంటుంది, అది నిజమే.

అయితే వెనక ఫ్యాను ఉన్నంత మాత్రాన అన్నీ ఒకేలా పనిచేయవు. ఫ్యాను చిన్నదై ట్రేలు ఎక్కువైతే మూలలకు గాలి అందదు. పెట్టె ఫొటో వెనకవైపు నుంచి ఉందేమో చూడండి. పది ట్రేల ఎత్తుకు ఒకటే చిన్న ఫ్యాను కనిపిస్తే వదిలేయండి.

మూడో మెట్టు: వేడి

ఎక్కువ, తక్కువ అని రెండే గుర్తులున్నది కొనకండి. డిగ్రీల్లో మార్చుకునే వీలుండాలి. కొత్తిమీర, కరివేపాకుకు 35 నుంచి 40 డిగ్రీలు, కూరగాయలకు 52, పండ్లకు 57, ఉడికిన అన్నం పప్పులకు 60 నుంచి 63, మాంసానికి 70 పైన కావాలి. పై హద్దు 70 దగ్గర ఆగిపోయే మోడళ్లు శాకాహారులకు ఇబ్బంది లేదు. కీమా చేసుకునేవాళ్లు 75 దాకా వెళ్లేది చూసుకోవాలి.

త్వరగా అయిపోతుందని క్యారెట్‌ను 70లో పెడితే పైన పెంకు కట్టి లోపల తడి ఉండిపోతుంది. చేతికి గట్టిగా తగులుతుంది, డబ్బాలో పెట్టిన పదో రోజుకు బూజు వస్తుంది. మరీ తక్కువ పెడితే ఉడికిన పదార్థం పులిసే వేడిలోనే గంటలకొద్దీ ఉండిపోతుంది. అందుకే 60కి ఇటూ అటూ సరిగ్గా నిలబడే థర్మోస్టాట్‌కే డబ్బు పెట్టాలి.

మాంసం దగ్గర ఒక నియమం తప్పకూడదు. మీటర్ 72 చూపిస్తున్నా లోపలి ముక్క అంత వేడెక్కదు, తడి ఆవిరవుతున్నంతసేపూ అది చల్లగానే ఉంటుంది. కాబట్టి పచ్చి మాంసం పెట్టొద్దు. మటన్ కీమా 71 డిగ్రీలు, చికెన్ 74 డిగ్రీలు దాటేలా ముందే ఉడికించి, ఆ తర్వాతే ట్రే మీదికి తీసుకోవాలి. కుక్కర్‌లో నాలుగు విజిల్స్ వస్తే ఆ టెన్షన్ ఉండదు. గుడ్లు, పాలు ఇంట్లో ఎండబెట్టే ఆలోచనే వద్దు. పాలపొడి కొనుక్కోండి.

నాలుగో మెట్టు: ట్రేలు, షీట్లు

ప్లాస్టిక్ ట్రేలు తేలికే గానీ పసుపు పట్టుకుంటుంది, ఇక వదలదు. మన వంటలకు స్టీలు ట్రేలే మేలు. అంతకంటే ముఖ్యమైనది ట్రే మీద పరిచే షీటు. పప్పు, సాంబారు జాలీ మీద నిలవవు కదా. అంచు ఉన్న సిలికాన్ షీటు ట్రేకి ఒకటి చొప్పున కావాలి, చాలా కంపెనీలు రెండే ఇస్తాయి. మిగతావి విడిగా దొరుకుతాయో లేదో, మీ ట్రే కొలతకు సరిపోతాయో లేదో కొనేముందే చూడండి. అవసరానికి బేకింగ్ పేపర్ పనికొస్తుంది, మైనం పూసిన కాగితం మాత్రం వాడకండి.

గుండ్రటి మోడల్‌కు బయటి షీట్లు సరిపోవు, దాని కంపెనీ ఇచ్చినవే వాడాలి. ఇదొక్కటే చాలు చాలామంది పెట్టె రకానికి మారడానికి.

ఐదో మెట్టు: కరెంటు, వాన, పొరుగువాళ్లు

500 వాట్ల యంత్రం తొమ్మిది గంటలు నడిస్తే ఎక్కువలో ఎక్కువ నాలుగున్నర యూనిట్లు. థర్మోస్టాట్ మధ్యమధ్యలో హీటరు ఆపుతుంది కాబట్టి అంత కూడా కాదు. పెద్ద ట్రెక్కుకు ముందు ఏడు వాయిలు వేసినా ముప్ఫై యూనిట్లు దాటదు. కానీ గృహజ్యోతి (కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) కింద ఉన్నవాళ్లు ఒకసారి మీటర్ చూసుకోండి. ఆ నెల 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు మీరే కట్టాలి, దాటిన యూనిట్లకు మాత్రమే కాదు.

కరెంటు పోయి వచ్చే ఏరియాలో ఉంటే బటన్ల మోడల్ కంటే నాబ్ మోడల్ నయం. బటన్లతో ఉన్న చాలా మోడళ్లు కరెంటు తిరిగొచ్చాక వాటంతటవి మొదలవ్వవు. మీరు నిద్రలో ఉంటారు, పప్పు తడిగా వెచ్చగా తెల్లారేదాకా కూర్చుంటుంది. అలా జరిగితే దాన్ని పారేయడమే.

అమెరికాలో ఉన్న అన్నయ్య ఎక్స్‌కాలిబరో, నెస్కోనో కంపెనీ డీహైడ్రేటర్ తెస్తానంటే వద్దనండి. అక్కడి మోడల్ 120 వోల్టులది, మనది 230. ట్రాన్స్‌ఫార్మర్ కొంటే అది మోయలేనంత బరువు, వారంటీ ఇక్కడ చెల్లదు. ఆ లగేజీలో ఆయన గుడారం తెస్తే ఉపయోగం.

వర్షాకాలంలో పనిచేస్తుందా అని చాలామంది అడుగుతారు. చేస్తుంది. 25 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని 57 డిగ్రీలకు వేడిచేస్తే దానిలో తేమ 15 శాతం దగ్గరకు పడిపోతుంది. చెన్నై ఉక్కపోతలో కూడా ఇదే లెక్క, అక్కడ 20 చుట్టూ ఉంటుంది. గంటో రెండు గంటలో ఎక్కువ పడుతుందంతే. ఎండాక తీసి బయట పెట్టినప్పుడే అసలు జాగ్రత్త కావాలి. వానరోజు అరగంట వదిలేస్తే అన్నం గింజలు మళ్లీ తేమ పీల్చుకుంటాయి.

రెండు కిలోల భోజనం ఎండితే లీటరు పైన నీరు ఆవిరై ఇంట్లోకే వస్తుంది, దానితో పాటు ఉల్లిపాయ వాసన కూడా. పడకగదిలో వద్దు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను దగ్గర పెట్టి, గోడకు జానెడు దూరం వదలండి. చప్పుడు రాత్రంతా ఉంటుంది, టేబుల్ ఫ్యాను పెద్ద స్పీడులో తిరిగినంత. ఒక గది ఇల్లయితే దుకాణంలో ఆన్ చేయించి విని మరీ కొనండి.

ఆరో మెట్టు: వచ్చిన వారంలోనే పరీక్షించండి

రిటర్న్ గడువు తక్కువ ఉంటుంది కాబట్టి పెట్టె విప్పిన రోజే మొదలుపెట్టండి. ముందు ట్రేలు కడిగి, ఖాళీగా ఒక గంట నడపండి. మొదటిసారి వచ్చే కొత్త వాసన పోతుంది. రెండోసారి కూడా కాలుతున్న ప్లాస్టిక్ వాసన వస్తే వెనక్కి పంపేయండి.

తర్వాత వంటింటి డిజిటల్ థర్మామీటరును మధ్య ట్రేలో ఉంచి 60 పెట్టండి. అరగంటయ్యాక చూస్తే రెండు మూడు డిగ్రీల తేడా ఉంటుంది, అది మామూలే. ఏడెనిమిది ఉంటే కాదు.

ఇక గాలి పరీక్ష. ఒకే ప్యాకెట్‌లోని బ్రెడ్ ముక్కలు ప్రతి ట్రేకి రెండు, ముందు ఒకటి వెనక ఒకటి పెట్టండి. ముందే తూకం వేసి రాసుకోండి. రెండు గంటలయ్యాక మళ్లీ తూచండి. వెనకవి కాస్త ముందు ఎండడం సహజం. కానీ ఏ మూలదో ఇంకా మెత్తగా వంగుతుంటే, ఆ మూలకు గాలి పోవడం లేదని అర్థం. కంపెనీకి ఫిర్యాదు చేయడానికి ఈ అంకెలు ఉపయోగపడతాయి.

మొదటి వాయి: టమోటా పప్పు, అన్నం

కందిపప్పు, టమోటా, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు వేసి ఎప్పటిలా ఉడికించండి. నూనె, నెయ్యి ఒక్క చుక్క కూడా వద్దు. నూనె ఎండదు, నిల్వలో కంపు కొడుతుంది. తాలింపు విడిగా వేసి, చల్లార్చి, చిన్న సీసాలో తీసుకెళ్లండి. అన్నం రోజూ తినేదానికంటే కొంచెం మెత్తగా వండితే తర్వాత బాగా నానుతుంది. వండినవి గంటలకొద్దీ బయట పెట్టకుండా చల్లారగానే ట్రేలకెక్కించాలి. ముఖ్యంగా అన్నం.

పప్పును పప్పుగుత్తితో బాగా మెదిపి షీటు మీద పలుచగా పులమండి. 63 డిగ్రీలు. నాలుగు గంటలకు అంచులు దోసెలా లేస్తాయి. అప్పుడు తిప్పి చూస్తే అడుగున ఇంకా తడిగా, ముదురు రంగులో ఉంటుంది. తిరగేసి, షీటు తీసేసి జాలీ మీద వేయండి. పూర్తవడానికి మొత్తం ఎనిమిది నుంచి పది గంటలు. చేత్తో విరిస్తే టప్పున విరగాలి, వంగితే కాలేదన్నట్టే. అన్నం ఆరేడు గంటల్లో అవుతుంది. మధ్యలో ఒకసారి గడ్డలు విడదీయాలి. గింజ పంటికింద కటుక్కుమనాలి.

క్యారెట్, బీన్స్ వేయాలంటే ముందు మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచి తీయండి. రంగు నిలుస్తుంది, తర్వాత త్వరగా నానతాయి. బఠాణీకి పైతోలు మీద సూదితో గుచ్చే ఓపిక ఉంటే చేయండి, లేదంటే ఫ్రోజెన్ బఠాణీ వాడండి. చికెన్ ముక్కలు ఎండితే రబ్బరే, కీమాయే సరైనది. ఉడికించిన కీమాలో కొంచెం రస్కు పొడి కలిపితే నీళ్లు పట్టుకుని మెత్తబడుతుంది.

కందిపొడి, నువ్వులపొడి, అటుకులు, సేమ్యా వీటికి యంత్రం అక్కర్లేదు, ఇవి పుట్టిందే ప్రయాణాలకు. గోంగూర పచ్చడిలో నూనె ఉంటుంది కాబట్టి దాన్ని ఎండబెట్టే ప్రయత్నం చేయకండి, అలాగే సీసాలో పెట్టుకోండి.

నిల్వ, ఆ తర్వాత కొండ మీద

పూర్తిగా చల్లారాక గాజు సీసాలో మూడింట రెండొంతులు నింపి, వారం రోజులు రోజుకోసారి ఊపండి. సీసా లోపల మసక కనిపించినా, ముక్కలు అతుక్కున్నా మళ్లీ యంత్రంలో పెట్టాలి. ఆ తర్వాత ఒక్కో భోజనం ఒక్కో జిప్ కవర్లో, మీద పేరు, తేదీ, పోయాల్సిన నీళ్లు రాయండి. వాక్యూమ్ సీల్ చేస్తే విరిగిన పప్పు అంచులు కవర్‌కు చిల్లులు పెడతాయి, ముందు పేపర్లో చుట్టండి. శాకాహారం చల్లటి చీకటి అలమారలో కొన్ని నెలలు ఉంటుంది. కీమా మాత్రం బయల్దేరే రోజు దాకా ఫ్రీజర్లోనే ఉండాలి.

డెహ్రాడూన్‌కో, బాగ్డోగ్రాకో విమానంలో వెళ్తుంటే స్టవ్‌కు పెట్టే గ్యాస్ డబ్బా తీసుకెళ్లనివ్వరు, అక్కడే కొనాలి. ఇక్కడి పశ్చిమ కనుమల అడవుల్లో నిప్పు పెట్టడం నిషేధం. అలాంటిచోట పొద్దున్నే ఫ్లాస్కులో వేడినీళ్లు నింపుకెళ్తే మధ్యాహ్నానికి అన్నం నానబెట్టుకోవచ్చు.

మకాం దగ్గర ఎండిన పప్పన్నం ఎంతుంటే దానికి ఒకటిన్నర కొలతల నీళ్లు పోసి, ఐదు నిమిషాలు నానబెట్టి, ఒక మరుగు రానిచ్చి దించండి. గిన్నెను స్వెటర్లో చుట్టి పావుగంట కదపకుండా ఉంచండి, 3500 మీటర్లు దాటితే అరగంట. మూత తీసి తాలింపు సీసా వంచి కలపండి. నీళ్లు మరీ ఎక్కువైతే చింతపండు పొడి చిటికెడు వేసి పప్పుచారని చెప్పండి, ఆ చలిలో ఎవరూ గొడవ పెట్టుకోరు.